రాత నేర్పేవారు ఎక్కడి నుంచి వస్తారు?

(డిగ్రీ కళాశాలల అధ్యాపకుల పునశ్చరణ తరగతుల్లో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జనరల్ ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ‘జనరల్’ అన్న మాటను కావాలనే నొక్కి చెబుతున్నాను. స్పెషల్ ఇంగ్లీషు చెప్పే భాగ్యం నాకు రెండేళ్ళే దక్కింది. మిగిలిన ఇరవై తొమ్మిదేళ్ళూ బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలందరికీ ఉమ్మడిగా ఉండి, ఏ శాఖకూ సొంతం కాని ఆ పేపరునే చెప్పాను. రాయడమూ, సాధారణ విషయాలూ బోధించే అధ్యాపకుల నేపథ్యాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ముప్ఫై ఏళ్ళపాటు మా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీల్లో కూర్చున్న మనుషులందరూ ఒక్కసారి గుర్తుకు వచ్చారు.

మీ అందరికీ తెలిసిన దృశ్యంతోనే మొదలుపెడతాను. కళాశాల తెరిచిన మొదటి వారంలో టైమ్‌టేబుల్ కమిటీ కూర్చుంటుంది. మెయిన్ సబ్జెక్టులు పంచడం అరగంటలో అయిపోతుంది, ఎందుకంటే ఫిజిక్స్ ఎవరు చెప్పాలన్న దాంట్లో సందేహం ఉండదు. ఆ తర్వాత కాగితం అడుగున కొన్ని పేపర్లు మిగులుతాయి: పర్యావరణ అధ్యయనం, మానవ విలువలు, కమ్యూనికేషన్ స్కిల్స్. అప్పుడు ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సవరించుకుని, “పదహారు గంటలు ఎవరికి నిండలేదండీ?” అని అడుగుతారు. ఎవరికి నిండకపోతే ఆ పేపరు వారిది. 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. దాని ప్రకారమే తర్వాతి కాలంలో యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల కోర్సు తయారు చేసింది. ఏం చెప్పాలో కోర్టు నిర్ణయించింది, ఎలా చెప్పాలో యూజీసీ నిర్ణయించింది, ఎవరు చెప్పాలో మాత్రం మన ఖాళీ గంటలు నిర్ణయించాయి.

అయితే ఆ ఖాళీ గంటల నుంచి ఏమి పుడుతుందో నేను దగ్గరగా చూశాను. ఒక సంవత్సరం ఆ పేపరు వృక్షశాస్త్రం మేడమ్ గారికి వచ్చింది. ఆమె పిల్లలను కళాశాల వెనక చెరువు గట్టుకు తీసుకువెళ్ళి, గుర్రపుడెక్క ఎక్కడి దాకా కమ్మిందో నెలకొకసారి అడుగులతో కొలిపించి నోటుబుక్కులో రాయించారు. మరుసటి సంవత్సరం అదే పేపరు రాజనీతిశాస్త్రం అధ్యాపకుడికి వెళ్ళింది. ఆయన చెరువు ముఖం చూడలేదు. ఒక కర్మాగారం కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో ఎవరు మాట్లాడవచ్చు, అభ్యంతరాన్ని ఎలా రాసి ఇవ్వాలి, ఆ కాగితం ఏ కార్యాలయానికి చేరాలి అన్నవి నేర్పారు. సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రమూ ఒకటే. పిల్లలకు అందినవి మాత్రం రెండు వేరువేరు చదువులు. ఎవరికి ఏది అందాలన్న ఆలోచన ఆ కమిటీ సమావేశంలో ఒక్క నిమిషం కూడా జరగలేదన్నదే నా బాధ. మంచి జరిగింది, కాని లాటరీ తగిలినట్టు జరిగింది.

ఈ అవస్థ మన దేశానిదే అనుకోనక్కర లేదు. విశ్వవిద్యాలయంలో రాయడం నేర్పడానికంటూ ఒక ప్రత్యేకమైన తరగతి మొదటిసారి గట్టిగా నిలదొక్కుకున్న చోటు అమెరికాలోని హార్వర్డ్. 1869లో అక్కడ అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్, కళాశాలకు వచ్చే కుర్రవాళ్ళకు తమ సొంత భాషే సరిగా రాయడం రావడం లేదని గుర్తించి, 1872లో తన సహాధ్యాయి ఆడమ్స్ షెర్మన్ హిల్‌ను పిలిపించాడు. ఈ హిల్ ఎవరు? న్యాయశాస్త్రం చదివి, న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకు అంతర్యుద్ధ కాలంలో వాషింగ్టన్ నుంచి వార్తలు పంపిన విలేకరి. 1874లో ప్రవేశ పరీక్షలో వ్యాసరచన వచ్చింది, 1885 నాటికి ‘ఇంగ్లీష్ ఎ’ అనే కోర్సు మొదటి సంవత్సరం విద్యార్థులకు స్థిరపడింది. హిల్ తనకు సహాయంగా తెచ్చుకున్న బారెట్ వెండెల్ కూడా న్యాయవాద వృత్తికి తయారవుతున్నవాడే. బార్ పరీక్ష తప్పి, ఏం చేయాలో తోచక ఉన్న రోజుల్లో పాత గురువు హిల్ వీధిలో ఎదురుపడ్డాడు, విద్యార్థుల వ్యాసాలు దిద్దే పని ఇచ్చాడు. అంటే ప్రపంచంలో ఇన్ని విశ్వవిద్యాలయాలు అనుసరించిన ఆ కోర్సుకు పునాది వేసిన ఇద్దరిలో ఒకరు పత్రికా విలేకరి, ఇంకొకరు పరీక్ష తప్పిన వకీలు.

ఆ నేపథ్యాలు వాళ్ళ బోధనలో ఎలా దిగాయో చూడండి. విలేకరి రోజూ రాయాలి, కాబట్టి వెండెల్ తరగతిలో పిల్లలు రోజుకొక చిన్న కాగితం రాసి ఇవ్వాలి. వకీలుకు ఒక వాక్యానికి ఒకే అర్థం ఉండాలి, కాబట్టి మాటల వాడకం మీద, వాక్యం నిర్మాణం మీద కనికరం లేని పట్టు. ఆ తరగతిలో 1890లో కూర్చున్న ఒక విద్యార్థి, తర్వాతి కాలంలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన రచయిత డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్. హార్వర్డ్‌లో రాసిన తొలి ఇంగ్లీషు వ్యాసానికి ఆయనకు తప్పిన మార్కు వచ్చింది. జాతి వివక్ష మీద లోపల రగులుతున్నదంతా వ్యాకరణాన్ని లక్ష్యపెట్టకుండా కుమ్మరించేవాడినని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఎంత గొప్ప విషయమైనా చెప్పే తీరు సరిగా లేకపోతే చేరవలసిన చోటికి చేరదని గ్రహించి, పట్టుబట్టి వెండెల్ తరగతిలో చేరాడు. లోకానికి చెప్పవలసింది తన దగ్గర ఒకటి ఉందనీ, దాన్ని బాగా చెప్పడం కోసమే ఈ కోర్సు తీసుకున్నాననీ ఒక వ్యాసంలో రాస్తే, ఆ భాగాన్ని వెండెల్ తరగతిలో చదివి వినిపించాడు. ఆ సంగతి డుబాయిస్ జీవితమంతా గుర్తు పెట్టుకున్నాడు. విద్యార్థి వాక్యాన్ని మనం పదిమందిలో బిగ్గరగా, వెక్కిరించకుండా, చదివింది ఎప్పుడని ఈ సందర్భంలో నన్ను నేను అడుగుతూ ఉంటాను.

ఇప్పుడు నేను ఎక్కువసేపు నిలవదలచుకున్న చోటికి వస్తాను. అది న్యూయార్క్ నగరంలో హార్లెం గుట్ట మీద ఉన్న సిటీ కాలేజీ. 1847లో ఉచిత విద్య కోసం పెట్టిన సంస్థ అది. 1960ల నడుమ, పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాల పిల్లలను చేర్చుకుని, భృతి ఇచ్చి, చిన్న తరగతుల్లో చదివించే ఒక పథకం అక్కడ మొదలైంది. దాని పేరు సీక్. ఆ పిల్లలకు రాయడం నేర్పడానికి సాహిత్యంలో డాక్టరేట్లు చేసినవారు పెద్దగా ముందుకు రాలేదు. మరి ఎవరు వచ్చారు? మౌంట్ వెర్నన్ పట్టణ గ్రంథాలయంలోనూ, ఆ తర్వాత ఒక పాఠశాల గ్రంథాలయంలోనూ పనిచేసిన ఆడ్రి లార్డ్ వచ్చింది. ప్రభుత్వ సంక్షేమ శాఖలో ఇళ్ళకు వెళ్ళి విచారణ చేసే ఉద్యోగమూ, ఆసుపత్రి మానసిక విభాగంలో రోగుల వినోద కార్యక్రమాల బాధ్యతా చూసిన టోని కేడ్ బంబారా వచ్చింది. డిగ్రీ పూర్తి చేయకుండానే కళాశాల విడిచి, సినిమా నిర్మాణంలో సహాయకురాలిగానూ, హార్లెం ఇళ్ళ పునర్నిర్మాణ ప్రణాళికలోనూ పనిచేసిన జూన్ జోర్డన్ వచ్చింది. డాక్టరు ఇంట పుట్టి, రాడ్‌క్లిఫ్‌లో చదివి, చిన్న వయసులోనే కవిగా పేరు తెచ్చుకున్న ఏడ్రియన్ రిచ్ 1968లో వచ్చింది. ఈ నలుగురూ తర్వాత అమెరికా సాహిత్యంలో పెద్ద పేర్లయ్యారు గాని, ఆ రోజుల్లో ఆ భవనంలో వాళ్ళు మన గెస్ట్ లెక్చరర్ల లాంటివాళ్ళే.

వీళ్ళందరి మధ్య కార్యక్రమం బాధ్యత మోసిన మనిషి మీనా షాఘ్నెసీ. 1924లో దక్షిణ డకోటా రాష్ట్రంలో లీడ్ అనే బంగారు గనుల ఊళ్ళో పుట్టింది. తండ్రి గనిలో పనిచేసేవాడు, తల్లి బడిపంతులమ్మ. నాటకరంగం మీద ప్రేమతో వాచికం చదివి న్యూయార్క్ చేరింది. అక్కడ ఒక జీవితచరిత్ర రచనలో సహాయకురాలిగా, తర్వాత ఒక ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేసింది, సాయంకాలం కళాశాలల్లో పాఠాలు చెప్పింది. డాక్టరేట్ లేదు. 1967లో ఆమె సిటీ కాలేజీకి వచ్చింది. 1969 వసంతంలో విద్యార్థులు కళాశాల ప్రాంగణంలో ఒక భాగాన్ని ఆక్రమించి ఆందోళన చేశారు. దాని ఫలితంగా 1970 నుంచి నగరంలో హైస్కూలు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ ఆ విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. వేల సంఖ్యలో కొత్త పిల్లలు వచ్చారు. వాళ్ళు రాసిన మొదటి వ్యాసాలు ముందు పెట్టుకుని, ఖాళీ తరగతిలో ఒంటరిగా కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో, దేన్ని దేని నుంచి విడదీయాలో తెలియక మళ్ళీ మళ్ళీ చదివానని ఆమె తన పుస్తకం ముందుమాటలో రాసింది. ఆ వాక్యాలు చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మొదటి సంవత్సరం బీకాం జవాబు పత్రాల కట్ట ముందు నేనూ సరిగ్గా అలాగే కూర్చున్నాను. కాకపోతే, నిజం ఒప్పుకోవాలి కదా, నేను ఎర్ర కలం తీశాను, ఆమె తీయలేదు.

ఆమె ఏం చేసింది? 1970కీ 1974కీ మధ్య విద్యార్థులు ప్రవేశ సమయంలో రాసిన సుమారు 4,000 వ్యాసాలను ఒక ప్రచురణ సంస్థ ఎడిటరు రాతప్రతిని చూసే కన్నుతో చదివింది. ఎడిటరుకు తప్పు కోపం తెప్పించదు, కుతూహలం కలిగిస్తుంది: ఇతను ఇక్కడ ఏం చెప్పబోయి ఇలా రాశాడు? నాటకం చదివినదానికి గొంతు వినే అలవాటు ఉంటుంది, కాబట్టి కాగితం మీద అడ్డదిడ్డంగా కనిపించిన వాక్యం వెనక మాట్లాడే మనిషి వినిపిస్తాడు. తప్పులు నిర్లక్ష్యం వల్ల పుట్టినవి కావనీ, వాటి వెనక ఒక లెక్క ఉందనీ, విద్యార్థి తనకు తెలిసిన ఏదో ఒక నియమాన్ని అది పనికిరాని చోట పెట్టడం వల్లనే చాలా తప్పులు వస్తాయనీ ఆమె 1977లో అచ్చయిన తన పుస్తకంలో ఒక్కొక్క వాక్యం తీసుకుని నిరూపించింది. ఆ మరుసటి సంవత్సరమే క్యాన్సరుతో చనిపోయింది. అప్పటికే నగరం దివాలా అంచుకు చేరడంతో, 129 ఏళ్ళుగా నడిచిన ఉచిత విద్య 1976లో ముగిసింది. ఉద్యోగాలు తెగ్గోసినప్పుడు మొదట ఎవరు ఇంటికి వెళ్ళి ఉంటారో ఈ సభలో చెప్పనక్కర లేదు.

ఆ పుస్తకం చదివాక నేను నా తరగతికి తిరిగి వెళ్ళి ఒక పిల్లవాడి కాగితం తీశాను. “మీ ఉదయం గురించి రాయండి” అంటే అతను రాసింది ఇది: “గెటింగ్ అప్, బ్రషింగ్ టీత్, డ్రింకింగ్ టీ, టేకింగ్ సైకిల్, ఐ కమ్ టు కాలేజ్.” అంతకు ముందు సంవత్సరాల్లో ఇలాంటి వాక్యానికి సున్నా చుట్టి, క్రియలు లేవని పక్కన రాసేవాణ్ణి. ఈసారి దాన్ని తెలుగులోకి తిప్పి బిగ్గరగా చదివాను: “లేచి, పళ్ళు తోముకుని, టీ తాగి, సైకిలు తీసుకుని కాలేజీకి వచ్చాను.” ఎంత చక్కటి తెలుగు వాక్యం! మన చిన్నయసూరి క్త్వార్థకం అన్న దాన్నే ఆ కుర్రవాడు పొల్లుపోకుండా ఇంగ్లీషులో నాలుగుసార్లు నిలబెట్టాడు. ఒక్క సమాపక క్రియ చాలు, ముందున్నవన్నీ దానికి వేలాడతాయి అన్న నియమం అతనికి అమ్మ ఒడిలో వచ్చింది. ఆ నియమం ఇంగ్లీషులో చెల్లదని చెప్పాలంటే ముందు అతని దగ్గర ఒక నియమం ఉందని నాకు తెలియాలి కదా. నాకు అంత కాలం ఎందుకు తెలియలేదు? ఎందుకంటే నా నేపథ్యం స్వచ్ఛమైన ఇంగ్లీషు సాహిత్యం. ఎంఏలో నేను మిల్టన్ చదివాను, తెలుగు వ్యాకరణం పదో తరగతితో వదిలేశాను. మా కళాశాలలో తెలుగు అధ్యాపకుడు నాకు మూడు కుర్చీల అవతల కూర్చునేవారు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయనకు నా పిల్లల కాగితం చూపించలేదు.

తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి మన చరిత్రలోనే ఉన్న ఒక ఉదంతం చెప్పాలి. తెలుగులో వ్యాసరచన ఏ భాషలో నేర్పాలి అన్న పెద్ద వివాదాన్ని మనం గ్రాంథిక వ్యావహారిక వాదం అని సాహిత్య చరిత్ర పాఠంలో చదువుకుంటాం. దాన్ని ఒకసారి ‘రాత నేర్పడం ఎలా’ అన్న ప్రశ్నగా చూడండి. ఆ వాదంలో వ్యావహారికం వైపు మొదట నిలబడిన నలుగురు ప్రముఖుల్లో తెలుగు పండిత పదవిలో ఉన్నవారు ఒక్కరూ కనిపించరు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. గురజాడ అప్పారావు గారు తత్త్వశాస్త్రం ప్రధానంగా బీఏ చదివి, డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేసి, విజయనగరం మహారాజా కళాశాలలో లెక్చరరై, తర్వాత సంస్థానంలో శాసన పరిశోధకుడయ్యారు. విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగార్ గారి ఇంటి భాష తమిళం. నాలుగోవాడు జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర, పాఠశాలల ఇన్‌స్పెక్టరు; తెలుగు నేర్చుకుందామని కూర్చుంటే పుస్తకంలో ఒక తెలుగు, బజారులో ఇంకొక తెలుగు ఎదురై, ఏది అసలు తెలుగు అని అడిగినవాడు.

ఇంట్లో పుట్టి పెరిగినవాడికి గుమ్మం ఎత్తు తెలియదు, తల తగిలిన చుట్టానికే తెలుస్తుంది. యేట్స్ ప్రశ్న అలాంటిది. గిడుగు వారి సంగతి ఇంకా లోతైనది. ఆయన పర్లాకిమిడి ప్రాంతపు కొండల్లోని సవరల భాషను, లిపి లేని భాషను, ఆ మనుషులను ఇంట్లో పెట్టుకుని, చెవితో విని నేర్చుకున్నారు; వాళ్ళ పిల్లల కోసం బడులు నడిపారు, ఆ తర్వాత వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. పుస్తకమే లేని భాషను రాతలోకి తెచ్చిన మనిషికి, భాష అంటే ముందు నోటి మాట అన్నది సిద్ధాంతం కింద ఎవరో చెప్పవలసిన పని లేదు. తన తరగతిలోని తెలుగు పిల్లవాడు పలికేది ఒకటి, పరీక్షలో రాయవలసింది ఇంకొకటి అన్నప్పుడు ఆయన చెవికి అది ఓర్వలేని అపస్వరంగా వినిపించింది. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డులో చోటు దొరికిన గురజాడ, ఆధునిక తెలుగును రచనాబోధన నుంచి వెలివేయబోతున్న నిర్ణయానికి ఎదురు నిలిచి 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశారు. గిడుగు వారి మెమొరాండం అంతకు ముందు సంవత్సరం, 1913లో వచ్చింది. అప్పటికి వాళ్ళు ఓడిపోయారు. 1915లో గురజాడ కన్నుమూశారు. ఈ రోజు మీ విద్యార్థి జవాబు పత్రంలో ‘వచ్చాడు’ అని రాస్తే మీరు మార్కు తగ్గించడం లేదంటే, ఆ ఓటమి చివరికి ఎటు తిరిగిందో తెలుస్తుంది.

బయటి నుంచి వచ్చిన ప్రతివాడూ తలుపు తెరుస్తాడని మాత్రం నేను అనను. ఎదుటి పక్షానికి నాయకత్వం వహించిన జయంతి రామయ్య పంతులు గారు కూడా వృత్తిరీత్యా పండితుడు కారు, డిప్యూటీ కలెక్టరు. ఆయనకు తెలిసిన కచేరీలో ఏ కాగితానికైనా ఒక నిర్ణీత నమూనా ఉంటుందన్న సంగతి ఆయన వాదంలో పనిచేసిందేమోనని నాకు అనుమానం. ఇది నా ఊహ మాత్రమే, చరిత్రకారులు నన్ను మన్నించాలి. తెలంగాణలోనూ ఇలాంటి ప్రయాణాలు ఉన్నాయి. సి. నారాయణరెడ్డి గారు నిజాం రాజ్యంలో బీఏ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, తర్వాత తెలుగులో ఎంఏ చేసి తెలుగు అధ్యాపకులయ్యారు. ఆయన పద్యపు నడకలో గజల్ ఎక్కడి నుంచి వచ్చిందని వేరే వెతకనక్కర లేదు.

ఇక మా స్టాఫ్ రూముకు తిరిగి వస్తాను, ఎందుకంటే పెద్దల ఉదాహరణలు చెప్పి ఊరుకుంటే అది మనకు సంబంధించిన విషయం కాదన్న భావం మిగులుతుంది. నేను పనిచేసిన ఒక కళాశాలకు తెలుగు చెప్పడానికి ఒక గెస్ట్ ఫ్యాకల్టీ వచ్చారు. ప్రైవేటుగా ఎంఏ చేస్తూ పన్నెండేళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసిన మనిషి. మొదట్లో మేమంతా కొంచెం చిన్నచూపే చూశామని ఒప్పుకుంటున్నాను. ఒక రోజు నా గది గోడ అవతల ఆయన పేరా రాయడం నేర్పుతుంటే విన్నాను. బోర్డు మీద ఒక నలుచదరం గీసి, “దస్తావేజులో చెక్కుబందీ రాయకపోతే ఆ పొలం ఎవరిదో దేవుడు కూడా తేల్చలేడు. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన కాలవ, పడమర డొంక, ఉత్తరాన ఎవరి గట్టు అని నాలుగు హద్దులూ రాస్తాం. మీ పేరాకు కూడా హద్దులు చెప్పండి. దీనికి ముందున్న పేరా ఏది, తర్వాతది ఏది, ఇందులోకి రావలసినది ఏది, రాకూడనిది ఏది?” అన్నారు. పిల్లలు నవ్వారు, తర్వాత రాశారు. పేరా అంటే ఏమిటో నేను ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన ఏ నిర్వచనమూ వాళ్ళకు అంత తొందరగా ఎక్కలేదు. వాళ్ళలో సగంమందికి ఇంట్లో గట్టు తగాదా ఉంది మరి.

ఇంకొకరు పదేళ్ళు ఒక దినపత్రికకు మండల విలేకరిగా, లైన్ అకౌంటు మీద పనిచేసి వచ్చారు. లైన్ అకౌంటు అంటే అచ్చయిన మేరకే డబ్బులు. ఎక్కువ రాస్తే ఎక్కువ వస్తుంది కదా, మరి ఈయన పిల్లలను తక్కువ రాయమని ఎందుకు పోరుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, “డెస్కులో వార్తను ఎప్పుడూ కింది నుంచే కోస్తారు సార్. అసలు సంగతి కింద పెట్టినవాడికి మర్నాడు పేపరులో అసలు సంగతే ఉండదు” అన్నారు. సెలవు చీటీ రాయడంతో ఆయన తరగతి మొదలయ్యేది. మన పిల్లలు అక్క పెళ్ళికి సెలవు పెట్టినా “ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్” అనే రాస్తారని మీకు తెలుసు; బడిలో కంఠస్థం చేసిన ఉత్తరం అదొక్కటే. ఆయన ఆ వాక్యాన్ని నిషేధించారు. నిజంగా ఎందుకు రావడం లేదో మొదటి వాక్యంలో రాయాలి. ఆ సంవత్సరం మా కళాశాల రిజిస్టరులో వరి నాట్లు, నాన్న ఆసుపత్రి, బస్‌పాస్ గడువు తీరిపోవడం, చెల్లెలి ఓణీల ఫంక్షన్ లాంటి కారణాలన్నీ మొదటిసారి కనిపించాయి. ప్రిన్సిపాల్ గారు అవి చూసి, “ఇన్నాళ్ళూ ఇంతమందికి జ్వరాలు ఎలా వచ్చాయా అనుకున్నాను” అన్నారు.

ఈ ఇద్దరి వ్యక్తిగత వివరాల పత్రాల్లో ఆ పన్నెండేళ్ళ గురించీ, ఈ పదేళ్ళ గురించీ ఒక్క అక్షరం లేదు. ఎంఏ మార్కుల శాతం, సెట్ అర్హత, సెమినార్లలో సమర్పించిన పత్రాలు ఉన్నాయి. మన దరఖాస్తు ఫారాల్లో ‘బోధనానుభవం’ అన్న గడి ఉంటుంది గాని, ‘ఇతర పనుల అనుభవం’ అన్న గడి ఉన్నా అక్కడ గీత కొట్టడమే క్షేమమని అభ్యర్థులకు సీనియర్లు చెబుతారు. 1949లో రాధాకృష్ణన్ కమిషన్ ప్రతి విద్యార్థికీ సాధారణ విద్య అందాలని, తన సబ్జెక్టుకు అవతల ఉన్న లోకం కొంత తెలియాలని సిఫారసు చేసింది. ఆ లోకంలో నుంచే వచ్చిన మనిషి వచ్చిన దారిని దాచిపెట్టుకుంటేనే తప్ప ఉద్యోగం రాని పద్ధతి ఆ సిఫారసుతో ఎలా పొసగుతుందో నాకు బోధపడదు. డాక్టరేట్లు వద్దని నేను అనడం లేదు. షాఘ్నెసీ చేసింది డాక్టరేట్‌కు తీసిపోని పరిశోధనే. గిడుగు వారి సవర నిఘంటువు ఎన్ని డాక్టరేట్ల పెట్టు? నేను అడిగేది ఒకటే: నియామకం చేసేటప్పుడు “ఇంతకు ముందు ఏం చేసేవారు?” అని అడిగి, ఆ జవాబును కాగితం మీద రాసుకోండి, టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆ కాగితం తీసి చూడండి.

నేను అలా అడిగిన ఒక సందర్భం చెప్పి ముగిస్తాను. పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక కళాశాలలో గంటల లెక్కన ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి తీసుకునే ఇంటర్వ్యూకు నన్ను సబ్జెక్టు నిపుణుడిగా పిలిచారు. ఒక అభ్యర్థి ఎంఏ పూర్తయ్యాక తొమ్మిదేళ్ళు ఏం చేశాడో ఫారంలో లేదు. అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి సార్. అది రాస్తే గ్యాప్ అంటారని రాయలేదు” అన్నాడు. పాఠ్యపుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, ఓటర్ల జాబితాలు, ఒకసారి రైల్వే టైమ్‌టేబుల్ కూడా చూశాడట. బల్ల మీద ఆ నియామకానికే మేము ఇచ్చిన ప్రకటన కాగితం ఉంది. అది అతని ముందుకు జరిపి, చూడమన్నాను. జేబులోంచి కలం తీసి, అలవాటుగా కాగితాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పుకుని, ఒక నిమిషంలో మూడు చోట్ల మార్జిన్‌లో గుర్తు పెట్టి తిరిగి ఇచ్చాడు. మొదటిది తేదీ, వారం పేరుకూ తేదీకీ పొత్తు కుదరలేదు. రెండోది అక్షర దోషం. మూడోది నేను స్వయంగా రాసి ఇచ్చిన వాక్యంలో ఉంది. ‘అర్హతలు కలిగిన’ అన్న విశేషణం అభ్యర్థులకు చెందకుండా కళాశాలకు అతుక్కుంది.

అతన్ని తీసుకున్నారు. గంటల లెక్కనే.